కరవు కాలములో డాఫ్నియా

ప్రాణులన్నిటికి ఆహారమే ఆధారము. సింహము వేటాడును, పశువు మేయును. నీటిలో తేలియాడు కొన్ని అల్పప్రాణులు మాత్రము నీటినే వడగట్టి బ్రతుకును. అట్టి వానిలో ముఖ్యమైనది డాఫ్నియా. ఆంగ్లమున దీనిని 'వాటర్ ఫ్లీ' అందురు గాని ఇది కీటకము కాదు. రొయ్యలు, పీతలవలె క్రస్టేషియాకు చెందిన జీవి. పెద్ద జాతులు సైతము సుమారు 5 మిల్లీమీటర్ల పొడవే యుండును. మన చెరువులలోను, కుంటలలోను ఈ వర్గపు ప్రాణులు కలవు.

దీని పారదర్శకమైన కవచము లోపల 5 జతల ఉరోపాంగములు నిరంతరము కదలుచుండును. ఆ కదలికచే నీరు లోనికి ప్రవహించును. 3వ, 4వ జతలకు దువ్వెన పండ్లవలె సన్నని నూగు వరుసలు కలవు. ఇవియే జల్లెడలు. నీటిలోని సూక్ష్మ శైవలములు వీనియందు చిక్కి నోటికి చేరును.

డాఫ్నియాకు వచ్చు కరవు చాలవరకు స్వయంకృతమే. వసంతమున శైవలములు విస్తారముగా పెరిగినపుడు ఆడజీవులు అనిషేకజననము ద్వారా, అనగా మగజీవి ప్రమేయము లేకయే, సంతానమును వేగముగా వృద్ధి చేయును. కొద్ది వారములలో వాని సంఖ్య మితిమీరి శైవలములు తరిగిపోవును. జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియాల నడుమనున్న కాన్‌స్టన్స్ సరస్సు వసంతాంతమున తేటపడుటకు ఇది ముఖ్యకారణము. చూచువారికి ఆ తేటనీరు కన్నులపండుగ. డాఫ్నియాకు అది ఖాళీయైన గాదె.

ఇట్టి సమయమున అది ఏమి చేయును? మొదట ఎక్కువ నీటిని వడగట్టును. ఆహారము పుష్కలముగా నున్నపుడు ప్రేగు త్వరగా నిండును గనుక ఉపాంగములు పూర్తి శక్తితో పనిచేయ నక్కరలేదు. కొరత వచ్చినపుడు పనిచేయవలెను. కాని శ్రమకు హద్దు కలదు. అందుచే పనిముట్టునే మార్చుకొనును. జర్మనీలోని ప్లోన్ నగరమున పరిశోధనలు చేసిన విన్‌ఫ్రీడ్ లాంపర్ట్ 1994లో ఈ విషయమును వివరించెను. తక్కువ ఆహారముతో పెరిగిన డాఫ్నియాల జల్లెడలు, అంతే పరిమాణము గలిగి సమృద్ధిలో పెరిగిన వాని జల్లెడలకన్న విశాలముగా నుండును. ఈ మార్పు తక్షణమే జరుగదు. పాత కవచమును విడుచు నిర్మోచన సమయమునందే క్రొత్త జల్లెడ ఏర్పడవలెను.

మూడవ ఉపాయము పొదుపు. మంచికాలమున తిన్నదానిలో కొంత నూనె బిందువుల రూపమున శరీరమునందు నిలువయుండును. తల్లి అందులో భాగమును గ్రుడ్లకు పంచును. ఆహారము తక్కువైనపుడు గ్రుడ్లసంఖ్యను తగ్గించి, ఒక్కొక్క గ్రుడ్డును పెద్దదిగా చేయును. అట్టి గ్రుడ్లనుండి పుట్టిన పిల్లలు ఆకలికి ఎక్కువ కాలము ఓర్చును. పిల్లల సంఖ్యను కోల్పోయి వాని బలమును కొనుట ఇది.

పరిస్థితులు మరింత విషమించినపుడు మగజీవులు పుట్టును. ఫలదీకరణము చెందిన గ్రుడ్లు గట్టి పెట్టెవంటి కవచములో అడుగుబురదకు చేరి నిద్రించును. కొన్ని దశాబ్దముల తరువాత సైతము పొదుగబడును. కాన్‌స్టన్స్ సరస్సు బురదనుండి తీసిన ఇట్టి గ్రుడ్లను పొదిగించి జరిపిన పరిశోధన 1999లో వెలువడెను. మురుగునీటి పోషకములవలన ఆ సరస్సులో నీలి ఆకుపచ్చ శైవలములు పెరిగెను. అవి డాఫ్నియాకు హీనమైన ఆహారము. అవి పెరిగిన పిదపటి గ్రుడ్లనుండి వచ్చిన డాఫ్నియాలు, పూర్వపు వానికన్న ఆ ఆహారమును బాగుగా తట్టుకొనెను. జల్లెడ మార్పు ఒక జీవితకాలములోని సర్దుబాటు. ఇది తరతరములకు సంక్రమించు మార్పు. ప్రకృతి ఈ రెండు మార్గములను వాడుకొనుచున్నది.

విద్యార్థి మిత్రులు చెరువు నీటిలో దొరకిన డాఫ్నియాను కళాశాలలోని సామాన్య సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూడవచ్చును. వీపుప్రక్క కొట్టుకొను గుండె, ప్రేగులోని పచ్చని ఆహారము, అక్కడక్కడ మెరయు నూనె బిందువులు కనబడును. బిందువులు విస్తారముగా నున్నచో ఆ నీటిలో తిండి దొరకినదని, లేనిచో ఆ ప్రాణి కరవులో నున్నదని గ్రహింపవచ్చును.