లాన్ ఎండిపోయింది.. గరిక నిలబడింది!

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున ఉంటుంది మా ఊరు. ఇంటి ముందు కొంచెం ఖాళీ జాగా. అంతా ఎర్రమట్టి. గాలొస్తే దుమ్ము, వానొస్తే బురద. పోయినేడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు, రీల్స్‌లో చూసిన పచ్చటి లాన్‌ను అమ్మానాన్నలకి గిఫ్ట్‌గా ఇద్దామనుకున్నా. నర్సరీ నుంచి కొరియన్ గ్రాస్ తెప్పించి పరిపించా. స్టేటస్ పెట్టి హైదరాబాద్ వచ్చేశా.

మే నెలలో వెళ్తే సీన్ వేరేలా ఉంది. బయట ఎండ మండిపోతోంది. బోరు అరగంట పోసి ఆగిపోతోంది. అమ్మ కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్‌లో మోసుకెళ్లి లాన్‌కి పోస్తోంది. ఎందుకమ్మా అంటే, "అంత డబ్బు పెట్టావు, ఎండిపోతే బాధపడతావని" అంది. నాన్న మాత్రం మొహమాటపడలేదు. "మనం వాడుకోడానికే నీళ్లు లేవు, దీనికి యాడ నుంచి తేవాలి రా?"

ఆ రోజే నీళ్లు ఆపేయమన్నా. కొన్నాళ్లకే లాన్ కాస్తా ఎండుచాపలా అయిపోయింది.

జూన్‌లో తొలకరి పడ్డాక అమ్మ ఫొటో పంపింది. ఎండిన లాన్ మధ్యలోంచి పచ్చగా, ఎవరూ నాటని గరిక!

గరిక నేల మీద పాకుతూ, కణుపు కణుపుకీ వేరు దించుతుంది. మట్టి లోపల కూడా కాడలుంటాయి. ఎండకి పైన మాడినా కింద ప్రాణం ఉంటుంది. వాన పడగానే లేస్తుంది. అంటే వేసవిలో కొన్ని వారాలు అది గోధుమరంగులో ఉంటుంది. దానికి మనం రెడీగా ఉండాలి.

ఎక్కడ ఏది?

రోజంతా ఎండ పడే చోట గరిక, విష్ణుక్రాంత. వినాయక చవితి పత్రిలో ఈ రెండూ ఉంటాయి. విష్ణుక్రాంతకి బుల్లి నీలం పూలు పూస్తాయి. నర్సరీలో అదే పోలికతో దొరికే పెద్ద నీలం పూల మొక్క బ్రెజిల్ వైపుది, కొనేముందు చూసుకోండి.

కుళాయి దగ్గర, కొంచెం నీడ ఉండే తడి నేలలో సరస్వతి ఆకు. తడి ఉండి ఎండ కూడా పడితే బొక్కెనాకు. నాలుగడుగులు తొక్కినా తట్టుకుంటుంది, పూలకి తేనెటీగలొస్తాయి.

గరికతో ఒక చిక్కుంది. పూలమడుల్లోకి దూరితే పీకడం కష్టం. అందుకే అంచున ఇటుకలు నిలువుగా పాతాం. అడవి పక్క ఊరు కదా, పురుగూ పుట్రా భయం ఉంటుంది. ఏ మొక్కనైనా పొట్టిగానే కత్తిరించి ఉంచాలి.

ఊళ్లో ఉన్నవన్నీ మనవి కావు

చిన్నప్పుడు పలక తుడిచిన గడ్డి చామంతి, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి.. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పసుపు పూల వెడేలియా కూడా అటు నుంచి వచ్చిందే. త్వరగా పరుచుకుంటుందని నాటుతారు గానీ, ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది. అడవి పక్కన అస్సలు వద్దు. ఒక్క కాడ ముక్క చాలు, వేళ్లూనుకుంటుంది.

అలాగని మొక్కల కోసం కిన్నెరసాని అడవిలోకి వెళ్లకండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మేం మా చేను గట్టు నుంచే తెచ్చుకున్నాం. మృగశిర కార్తెలో, నేల తడిగా ఉన్నప్పుడు, గరిక కాడల్ని జానెడు దూరంలో నాటాం. వేరు పట్టేదాకా కాసిన్ని నీళ్లు పోస్తే చాలు.

ఈ మేలో కూడా మా జాగా గోధుమరంగులోకి మారింది. అమ్మ మాత్రం బకెట్ ఎత్తలేదు. "వానొస్తే అదే లేస్తుందిలే" అంది.