బెదరు కుందేలు - దాని చెలిమి

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని మొండిపట్టు గలవారిని గూర్చి మన పెద్దలు చెప్పుదురు. నిరుడు మా పాఠశాలకు ఒక కుందేలు వచ్చినపుడు మేమును అట్టివారమే అయితిమి. మేము చేసిన పొరపాట్లును, వాని వలన నేర్చిన పాఠమును కుందేళ్లను పెంచు బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి ఇచ్చట వ్రాయుచున్నాము.

ఎవరో ఒక తెల్లని ఆడుకుందేలును అట్టపెట్టెలో నుంచి మా ప్రహరీగోడ చెంత విడిచిపోయిరి. ముచ్చటపడి కొని, ముచ్చట తీరిన పిదప వదలుకొనిరి కాబోలు. దానిని పొలములలో విడిచిపెట్టుదమని కొందఱనిరి. అది తగదు. మన పొలములందు తిరుగు చెవులపిల్లి వేఱు, ఇంటి కుందేలు వేఱు. చెవులపిల్లి బొఱియ త్రవ్వదు, పొదలచాటున నివసించును, దాని పిల్లలు ఒడలినిండ బొచ్చుతోను, తెఱచిన కన్నులతోను పుట్టును. దానిని పట్టి పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఇంటి కుందేలన్ననో, ఐరోపాఖండమున స్పెయిను, పోర్చుగలు దేశములు గల ప్రాంతపు అడవి కుందేళ్ల సంతతి. అవి నేలలో బొఱియలు త్రవ్వుకొని గుంపులుగా జీవించును. వాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని పుట్టును. తరతరములుగా మనుష్యుని చేతిమేతకు అలవడిన ప్రాణిని పొలములో విడుచుట కుక్కల పాలు చేయుటయే గదా!

కావున దానిని మా సైన్సు గదిలో నుంచితిమి. మొదటి తప్పు అచ్చటనే జరిగెను. విద్యార్థులందఱును చుట్టుమూగి ఒకరి తరువాత నొకరు దానిని ఎత్తుకొని ముద్దాడిరి. అది చెవులు వీపునకు అంటించుకొని మూలకు ఒదిగెను. వెనుకకాలితో నేలను దబ్బున తన్నెను. ఒక బాలుడు దానిని వెల్లకిల పరుండబెట్టగా కదలక మెదలక యుండెను. సుఖముగా నిద్రించుచున్నదని మేము సంతోషించితిమి. మఱునాటి ఉదయమునకు అది మేత ముట్టలేదు, పెంటికలును వేయలేదు.

వెంటనే పశువైద్యుని యొద్దకు గొనిపోతిమి. ఆయన చెప్పిన మాటలు విని సిగ్గుపడితిమి. వెల్లకిల వేసిన కుందేలు కదలకుండుట సుఖము వలన గాదు, ప్రాణభయము వలన. నేలను తన్నుట అపాయ సూచన. కుందేటి ప్రేగులు ఎల్లప్పుడును ఆడుచుండవలెను. సగము దినము మేత మానినచో అవి స్తంభించి ప్రాణమునకే ముప్పు వచ్చును. భయము ఒక్కటియే ఇంతకు చాలును. మందిచ్చి ఆయన ఇట్లనెను: "దానిని నేలమీద విడువుడు. మీరును నేలమీదనే కూర్చుండుడు. దానిని మీ యొద్దకు తేవలదు, అదియే వచ్చును."

కుందేలు వేటాడబడు జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును, మీదను చూడగలదు గాని ముక్కుకు సూటిగా నెదుట నున్నది కానరాదు. పైనుండి దిగు చేయి దానికి గద్దవలె తోచును. ఎత్తినపుడు విదిలించుకొని తన్నినచో దాని వెన్నెముకయే విఱుగవచ్చును. ఈ సంగతులు తెలిసిన పిమ్మట మేము ప్రతిదినము సాయంకాలము ఇద్దఱిద్దఱముగా ఆ గదిలో కూర్చుండి, దానివంక చూడక, మా పాఠములు మెల్లగా చదువుకొంటిమి. ప్రక్కన కొత్తిమీర రెబ్బ నొకటి ఉంచెడివారము. తొమ్మిదవనాడు అది ముక్కుతో మా చేతిని తాకెను. మూడవ వారమున మా యెదుటనే ప్రక్కకు ఒరిగి పరుండెను. ఆనాటి మా యానందము చెప్పనలవి గాదు.

మేత విషయము. కుందేటి దంతములు జీవితాంతము పెరుగుచునే యుండును. ఎండుగడ్డి నమలుటచేతనే అవి అఱుగును. కావున ఎండుగడ్డి ఎప్పుడును ఉండవలెను. క్యారట్ తీపి పదార్థమగుటచే కొంచెముగానే పెట్టవలెను. వేసవియందు దానిని చల్లనిచోట నుంచుట ముఖ్యము. దానికి మనవలె చెమట పట్టదు, వేడి చెవుల ద్వారమున పోవలెను. ఎండలు ముదిరినపుడు మేము మంచునీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన నుంచితిమి.

గుంపులో జీవించు జాతికి ఏకాంతము శిక్ష. అందుచే ఒక కుటుంబమువారు సాకలేక ఇచ్చిన మగకుందేలును తెచ్చితిమి. ఇచ్చట మా రెండవ తప్పు: తెచ్చిన దినముననే రెంటిని కలిపితిమి. క్షణములో అవి కలియబడి కఱచుకొనెను. గదియంతయు బొచ్చు రాలెను. తన చోటున క్రొత్తది వచ్చిన ఏ కుందేలైనను ఊరకుండదు. పైగా ఆడుకుందేలు చూలు మోయుకాలము సుమారు 31 దినములే గాన, జంట త్వరలోనే మంద యగును. వైద్యుడు రెంటికిని సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసెను. దీనివలన పోరు తగ్గును. ఆడుదానికి గర్భాశయపు క్యాన్సరు భయమును తొలగును.

పిదప ఆఱు వారములు ఆగితిమి. రెండు దొడ్లను ప్రక్కప్రక్కనే, మూతులు తగులనంత యెడముగా నుంచితిమి. ఒకదాని పఱుపుగడ్డిని రెండవదాని దొడ్డిలో వేసి వాసనలు మార్చితిమి. ఇరువైపుల ఒకే వేళకు మేత పెట్టితిమి. తరువాత రెంటికిని క్రొత్తదియైన వరండాలో దినమునకు పావుగంట కలిపితిమి. కొంచెము తఱుముకొన్నను ఊరకుంటిమి. గుండ్రముగా తిరుగుచు కఱవబోయినపుడు నడుమ అట్టముక్క పెట్టితిమి, చేయి మాత్రము పెట్టలేదు. క్రమముగా వేళ పెంచితిమి. ఒకనాడు మగది తల వంచి ముందు నిలువగా, తెల్లది కొంతసేపు ఆలోచించి దాని నుదురు నాకెను. అవి కలిసి తిని, కలిసి పరుండుట చూచిన పిమ్మటనే ఒకే దొడ్డిలో నుంచితిమి. అప్పటినుండి వైద్యుని యొద్దకును రెంటిని కలిపియే గొనిపోవుచున్నాము. వేఱుచేసినచో చెలిమి చెడవచ్చును.

తలిదండ్రులారా! కుందేలు ఎనిమిది మొదలు పండ్రెండేండ్లు జీవించు ప్రాణి. పండుగనాటి బొమ్మ గాదు. పిల్లవాడు అడిగినాడని కొనకుడు. పోషింప సిద్ధపడియే తెండు. విద్యార్థులారా! మన తరగతికి క్రొత్తగా వచ్చి మూలను కూర్చుండు బాలుని చూచినపుడు ఈ తెల్ల కుందేలును తలంచుకొనుడు. చేయిపట్టి లాగకుడు, ప్రక్కన కూర్చుండి మీ పాఠము మీరు చదువుకొనుడు. అతడే వచ్చును.