బత్తాయిపై బూజు – పరిమళ తైలములు



గంపెడు బత్తాయిలు ఇంటికి తెచ్చి నాలుగు దినములు మరచియున్నవారికి ఆ వాసన నేను వర్ణింప నక్కరలేదు. అడుగున నొక పండు మెత్తబడి నీరు కారును. దానిపై మొదట తెల్లని నూగు, పిమ్మట పాచిరంగు పొడి. చేయి సోకినంతనే ఆ పొడి పొగవలె లేచును. ఇంటిలో నష్టము ఒకటి రెండు పండ్లు. మండీలోనైనచో అది రైతు చేతికి రావలసిన ధర.

ఆ పొడియే బూజు విత్తనము. ఆకుపచ్చని బూజును పెనిసిలియం డిజిటేటం అనియు, దాని తోబుట్టువగు నీలిబూజును పెనిసిలియం ఇటాలికం అనియు శాస్త్రజ్ఞులు పిలుతురు. మొదటిదానికి సుమారు 25 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనము మిక్కిలి హితము. రెండవది చలిగదులలో సైతము మెల్లగా పెరిగి, తాకిన ప్రక్కపండునకు ప్రాకును. అయినను గాయములేని తొక్కను ఈ రెండును సాధారణముగా ఛేదింపజాలవు. గోటి గీటు, ముల్లు పోటు, తొడిమను కత్తిరింపక లాగినపుడు చిరిగిన చోటు – ఇవియే వాని ద్వారములు.

ఇచట నొక వింత కలదు. బత్తాయి తొక్కను మడచి నొక్కినపుడు కంట మంట పుట్టించు తుంపర వచ్చును గదా! అందు లిమొనీన్ అను ద్రవ్యమే అధికము. అది పండునకు రక్షయని ఎవరికైనను తోచును. నేనును చిరకాలము అట్లే తలచితిని. కాని గాయమునుండి వెలువడు ఆ ఆవిరి సోకినచో ఆకుపచ్చని బూజు విత్తనము మరింత చురుకుగా మొలకెత్తునని ప్రయోగములలో తేలినది. శత్రువునకు మన యింటి దీపమే దారి చూపినట్లున్నది. కావున పరిమళ తైలమెల్ల బూజునకు విషమే యనుట పొరపాటు.

మరి ఏవి పనిచేయును? నిమ్మగడ్డి తైలమందలి సిట్రాల్, లవంగ తైలమందలి యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, మన వాములోని థైమాల్. అంగడిలో వాముపువ్వు అను పేర దొరకు స్ఫటికములు ఈ థైమాలే. బూజు కణమును కప్పియున్న పలుచని పొర కొవ్వుతో కూడినది. ఈ ద్రవ్యములు నీటిలో అంతగా కరగవు గాని కొవ్వులో చక్కగా కరగును. అందుచే పొరలో దూరి దానిని సడలించును. లోపలి సారము వెలికి కారి కణము నశించును.

ఇట్టివానిని వెదకుటకు కారణము లేకపోలేదు. విదేశములలో నిమ్మజాతి పండ్లకు పూయు ఇమజలిల్ వంటి మందులకు లొంగని బూజులు 1980 తరువాతి దశాబ్దములోనే కాలిఫోర్నియాలో కనబడినవి. అయితే గాజుపళ్లెములో బూజును అణచిన తైలము పండుపై అంతగా అణచదు. విత్తనము గాయపు లోతున దాగియుండును; తైలము గాలిలో ఎగిరిపోవును. ఎక్కువ పూసితిమా, తొక్క కమిలి గోధుమరంగు మచ్చ పడును. కావున ఎవరును పచ్చి తైలమును పండ్లకు రుద్దవలదు. చేతులకును మంట పుట్టును. మైనపు పూతలో కొద్దిగా కలుపుటయో, మూసిన పెట్టెలో ఆవిరిగా సోకించుటయో మేలని పరిశోధకులు ప్రయత్నించుచున్నారు.

నేనును ఒకమారు రెండు రేకుడబ్బాలలో సూదితో గుచ్చిన పండ్లను పెట్టి, ఒకదానిలో నిమ్మగడ్డి తైలపు దూదిని పండ్లకు తగులకుండ వ్రేలాడదీసితిని. తైలములేని డబ్బాలో నాలుగవ దినముననే పచ్చపొడి లేచినది; రెండవదానిలో ఏడవ దినము వరకు కనబడలేదు. ఒక యింటి పరీక్ష ఏమియు ఋజువు చేయదని యెరుగుదును. మిగిలిన పండును ఒలిచి మా మనుమరాలి కీయగా, అది ఒక తొన నోటబెట్టుకొని, "తాతయ్యా, ఇది సబ్బువాసన వేయుచున్నది" అని తిరిగి నా చేతిలోనే పెట్టినది.