మొగిలి కనుమ ఎక్కిన దండును ఆపింది ఆకలే

యుద్ధాల కథ చెప్పేటప్పుడు ఫిరంగులనూ సేనానులనూ లెక్కపెడతాం, ఎద్దులనూ ధాన్యాన్నీ వదిలేస్తాం. చిత్తూరు సీమను తొక్కిన మైసూరు యుద్ధాల్లో గెలుపోటములను తేల్చింది ఎక్కువగా ఈ వదిలేసిన లెక్కే. 1780లో మైసూరు పాలకుడు హైదర్ అలీ కనుమలు దిగి వచ్చి మద్రాసు చుట్టుపక్కల పల్లెలను తగలబెట్టించాడు, పశువులను తోలించాడు. మరుసటి ఏడు ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ పోర్టోనోవోలోనూ షోలింగూరులోనూ గెలిచినా, బండ్లకు ఎద్దులు, సిపాయిలకు బియ్యం లేక శత్రువును తరమలేకపోయాడు. గింజల కోసమే పాలెగాళ్ల సీమలోకి వచ్చాడు. నవంబరులో చిత్తూరు కోట చేజిక్కినా, వానల్లో పశువులను పోగొట్టుకుని మద్రాసుకు మళ్లాడు.

పదేళ్ల తర్వాత మరో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలీసుకూ ఇదే ఎదురైంది. 1791 ఫిబ్రవరిలో అతను ఆంబూరు వైపు పోతున్నట్టు హైదర్ కొడుకు టిప్పు సుల్తానును నమ్మించి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. మార్చి 21న బెంగళూరు కోట పట్టాడు. మే 15న శ్రీరంగపట్నం దాపున అరికెరె దగ్గర టిప్పును ఓడించాడు. అయినా కొద్ది రోజులకే వెనుదిరిగాడు. దారిలోని మేతను టిప్పు ముందే తగలబెట్టించాడు. పైగా వానలు పట్టుకున్నాయి, ఎద్దులు వేలకు వేలు చచ్చాయి. కోటగోడలు కూల్చే పెద్ద ఫిరంగులను లాగే దిక్కులేక కారన్‌వాలీసే వాటిని పాడుచేయించాడు. దారిలో మిత్రులైన మరాఠాల దండు కలిసి, దాని బజారులో గింజలు దొరికాకే అతని సైన్యం తెరిపిన పడింది.

1792 ఫిబ్రవరిలో అదే సేనాని, అదే శత్రువు, అదే శ్రీరంగపట్నం కోట. ఈసారి టిప్పు సంధికి దిగాడు. నడుమ మారింది తిండి ఏర్పాటు. మనం సుగాలీలనే లంబాడీలను అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి పెద్దఎత్తున కూడగట్టాడు. వాళ్లు ధాన్యం కొని, ఎద్దుల వీపున వేసుకుని, దారిలో మేపుకుంటూ వచ్చి దండులో అమ్ముకునే వర్తకులు. బండ్లబాట అక్కర్లేదు, మేత మోయక్కర్లేదు. దండు ఈసారి వానాకాలం వెళ్లాకే కదిలింది.

మరాఠాలూ నిజామూ తోడు రావడం వల్లే గెలిచారు కదా, నంది కోట, సావనదుర్గం ముందే పడ్డాయి కదా అనవచ్చు. నిజమే. కానీ తోడు పెరిగితే తినే నోళ్లూ పెరుగుతాయి. గింజలు లేని చోట పెద్ద సైన్యం మరింత త్వరగా కూలుతుంది. ఆ కోటలను పట్టుకోవడంలోని ముఖ్య ప్రయోజనం కూడా ధాన్యం వచ్చే బాటకు అడ్డు తొలగించడమే. సేనాని తెలివికి విలువ లేదని కాదు, ఆ తెలివికి అసలు పరీక్ష గింజ దగ్గరే. కాబట్టి ఈ యుద్ధాల చరిత్రలో కారన్‌వాలీసు, టిప్పుల పక్కనే ఎద్దులు తోలిన సుగాలీలకూ, మేతా పంటా కాలిపోయిన రైతులకూ చోటివ్వాలి. వాళ్లను వదిలేస్తే ఎవరు గెలిచారో చెప్పగలం గానీ, ఎందుకు గెలిచారో చెప్పలేం.