అట్టపెట్టెను పారవేయకండి, చూడకుండా ఇంటికి తేకండి

సరుకు దించిన మరునాడు ఏ దుకాణం వెనుక చూచినా ఖాళీ అట్టపెట్టెలు గుట్టగా పడి ఉంటాయి. వానకు తడిస్తే అవి చెత్త. పొడిగా ఉండగానే చేరదీస్తే ఇంటికి పనికివచ్చే ముడిసరుకు. పాత అట్టను గుజ్జు చేసి తిరిగి అట్టగా మార్చడానికి నీరు, ఇంధనం ఖర్చవుతాయి. ఉన్నదానిని ఉన్నట్లే మరికొంత కాలం వాడుకోవడం అంతకంటె మేలు. అయితే ప్రతి పెట్టె ఇంటికి తగినది కాదు.

ఏ పెట్టె వద్దు?

పురుగుమందులు, కలుపుమందులు, మందు పట్టించిన విత్తనాలు వచ్చిన పెట్టెలను ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో వాడరాదు. దారిలో సీసా కారితే మందు అట్టలోకి ఇంకిపోతుంది. పైన తుడిచినా, ఎండబెట్టినా పోయిందని నమ్మడానికి వీలు లేదు. వాడిన పురుగుమందుల ప్యాకింగులు మళ్ళీ వాడకానికి చిక్కకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలోని 44వ నియమం చెబుతున్నది. డీలరు సోదరులు ఈ పెట్టెలను సబ్బులు, బిస్కట్లు, టీపొడి పెట్టెలతో కలపక, సరుకు దించిన రోజే వేరు చేయాలి. పిల్లల బట్టలు పెట్టుకుంటామని అడిగినవారికి అటువంటి పెట్టె ఇవ్వడం ఉపకారం కాదు.

బలం ఎక్కడ ఉన్నది?

అట్ట అంచును పరిశీలించండి. రెండు కాగితాల నడుమ ముడతల కాగితం కనిపిస్తుంది. ఒక వరుస ముడతలుంటే అది మూడు పొరల అట్ట. రెండు వరుసలుంటే ఐదు పొరలది, మరింత గట్టిది. ముడతల గాడులు నిలువుగా నిలిచినప్పుడు అట్ట బరువు మోస్తుంది. అడ్డంగా ఉంటే త్వరగా నలుగుతుంది. అర పలకకు రెండు అట్టలను, గాడులు ఒకదానికొకటి అడ్డుపడేటట్లు అంటించండి.

ఏమి చేసుకోవచ్చు?

మొదట కాగితాల పెట్టె చేయండి. లోపల నిలువు అరలు అమర్చి పాసుపుస్తకం, అప్పు రసీదులు, విత్తనాల బిల్లులు, బీమా కాగితాలు వేరువేరుగా ఉంచండి. విత్తనం మోసం చేసిననాడు చేతిలోని బిల్లే మీకు ఆధారం. ఆపైన పుస్తకాల అర, బట్టల పెట్టె చేసుకోవచ్చు. జిగురుకు మైదా గంజి గాని, చింతగింజల పొడి అంబలి గాని చాలు. కొండపల్లి బొమ్మలకు వాడే మక్కు కూడ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపినదే. గంజి పూర్తిగా ఆరకపోతే బూజు పడుతుంది. పెట్టెను నేలపై గాక ఇటుకలపై ఉంచి, చెదలు పట్టకుండా చూడండి. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచండి. పిండి, పప్పులు నేరుగా అందులో పోయకండి. మందుల జాడ లేని చిరిగిన అట్టల నుండి టేపు, పిన్నులు తీసి, ముక్కలు చేసి, తడిపి, పేడతో కలిపి కంపోస్టు గుంటలో వేయవచ్చు.

అప్పు ఎప్పుడు?

ఇంటి వాడకానికి ఈ పనికి అప్పు అవసరం లేదు. అమ్మదలచినవారు ముందు పది వస్తువులు చేసి సంతలో అమ్మి చూడండి. జిగురు, గుడ్డ, రంగు, మీ కూలి లెక్క వ్రాయండి. గిట్టుబాటు కనిపిస్తే సంఘం పొదుపు నుండి కొద్ది మొత్తం వాడండి. 1992లో నాబార్డు ఆరంభించిన సంఘాల-బ్యాంకు అనుసంధానానికి పునాది ఈ పొదుపే. వ్యక్తిగతంగా పెట్టుబడి కావలసినవారికి 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలో శిశు విభాగం క్రింద రూ. 50,000 వరకు రుణం పొందే వీలున్నది. బ్యాంకుకు వచ్చేటప్పుడు ఆ లెక్కల పుస్తకం వెంట తెండి; మీ వ్యాపారం గురించి మేము మొదట అడిగేది దానినే.