అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క మాట అడగండి

ఆసిఫాబాద్ నుంచి జర్మనీకి చదువుకు వెళ్తున్నారా? వీసా రాగానే పనైపోయిందనుకోకండి. ఇంట్లో దిగిన 2 వారాల్లో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం చేసిన పత్రం కావాలి. అద్దె తక్కువని నేనో గది తీసుకున్నా. ఓనర్ ఆ కాగితం ఇవ్వనన్నాడు. దాంతో నమోదు కాలేదు, రెసిడెన్స్ పర్మిట్ పనీ ఆగింది. నెల తిరక్కుండానే మళ్లీ గది వెతుక్కున్నా. మీరు అడ్వాన్స్ కట్టకముందే ‘పత్రం ఇస్తారా?’ అని అడగండి.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతే. బియ్యం, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి. చలికాలంలో అక్కడ రాత్రి 8 అయితే మనకు 12:30. అమ్మకు ఫోన్ మధ్యాహ్నమే చేయండి.