ఇఖామా గడువు, ఇల్లాలి సమ్మతి

గల్ఫ్ దేశాలలో నివాస అనుమతి పత్రాన్ని ‘ఇఖామా’ అంటారు. మదరసాలో చదివినవారికి ఈ పదం కొత్తది కాదు. ప్రయాణికుడు ఒక ఊరిలో పదిహేను రోజులు, అంతకు మించి ఉండాలని సంకల్పించుకుంటే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అది అతనికి ‘వతనె ఇఖామత్’. అక్కడ నమాజును కుదించకుండా పూర్తిగా ఆచరించాలి. పుట్టి పెరిగిన ఊరు, లేదా భార్యాపిల్లలతో శాశ్వతంగా స్థిరపడిన ఊరు ‘వతనె అస్లీ’. మన ఫుఖహాలు సొంత ఊరిని నిర్ణయించేటప్పుడు మనిషి సంపాదనను లెక్కలోకి తీసుకోలేదు, ఆలుబిడ్డలను తీసుకున్నారు.

పెదకాకాని నుండి, గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుండి గల్ఫ్‌కు వెళ్లినవారిలో చాలామంది ఒంటరిగానే ఉంటారు. కుటుంబాన్ని పిలిపించుకోవడం అందరికీ సాధ్యం కాదు. యు.ఏ.ఇ.లో 2019 నిబంధన ప్రకారం నెలకు 4,000 దిర్హముల జీతమైనా ఉండాలి, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. కువైట్ 2024 ఆరంభంలో ఈ హద్దును 800 దినార్లకు పెంచింది. డ్రైవరుకో, తాపీ మేస్త్రీకో అది అందని మాట.

అందినవారి సంసారం రెండు గదుల ఫ్లాటులో సాగుతుంది. సెలవు నుండి తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెలో మిరప్పొడి, గోంగూర పచ్చడి తప్పనిసరి. పిల్లలు ఇండియన్ స్కూలుకు వెళతారు. సెలవు రోజున అందరూ కలిసి సముద్రతీరానికి వెళతారు. ఇవి చిన్న విషయాలే అయినా, ఒంటరిగా ఉన్న పక్క గదివాడిని అడిగితే వాటి విలువ చెబుతాడు.

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీయులపై ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020 జూలై నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడికి ఏడాదికి 19,200 రియాళ్లు! ఇఖామా రెన్యువల్ సమయంలో ముందుగానే కట్టవలసి రావడంతో ఎన్నో కుటుంబాలు ‘ఫైనల్ ఎగ్జిట్’పై స్వదేశానికి తిరిగివచ్చాయి. తండ్రి మాత్రం అక్కడే మిగిలాడు.

ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జీతం పెరగకుండా ఖర్చు పెరిగితే ఎవరైనా ఏం చేయగలరు? అయితే ఆ నిర్ణయం ఎలా జరిగిందన్నదే ఆలోచించవలసిన విషయం. చాలా ఇళ్లలో భర్త లెక్క వేసుకుని, టికెట్లు తీసి, ఆపైన భార్యకు చెబుతాడు. ఆమె అత్తవారింటికి తిరిగివస్తుంది. తెలుగు అక్షరాలు రాని పిల్లవాడు ఇక్కడ ఏడో తరగతిలో వెనుక బెంచీకి చేరతాడు. రాత్రికి వీడియో కాల్ ఉంటుంది, నిజమే. గొంతును క్యాసెట్టులో రికార్డు చేసి పంపుకున్న పాత తరానికి ఈ సౌకర్యం కూడా లేదు. కానీ పదమూడేళ్ల కొడుకును ఫజ్ర్‌కు లేపి మస్జిదుకు తీసుకువెళ్లడం ఫోనుతో అయ్యే పని కాదు.

బిడ్డకు పాలు మాన్పించడానికే తల్లిదండ్రులు ఇరువురి సమ్మతి, సంప్రదింపు ఉండాలని దివ్య ఖుర్ఆన్ ‘అల్ బఖరా’ సూరా సూచిస్తున్నది. అలాంటప్పుడు, ఏళ్ల తరబడి ఎడబాటును ఒక్కరే ఎలా నిర్ణయిస్తారు? స్త్రీ భర్తకు దూరంగా ఎంతకాలం ఓర్చుకోగలదని హజ్రత్ ఉమర్ (రజి) తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి, ఆ జవాబును బట్టి సైనికుల గడువును నిర్ణయించారు. అది నాలుగు నెలలని కొన్ని రివాయతులు, ఆరు నెలలని మరికొన్ని చెబుతాయి. మన ఒప్పందాలు సాధారణంగా రెండేళ్లవి. భార్య మనస్ఫూర్తిగా సమ్మతిస్తే అంతకు మించి ఉండవచ్చునని ఉలమా అంటారు. వంటింట్లో ఆమె మౌనంగా ఉండిపోవడం సమ్మతి కాదు.

కనుక రుసుము గడువుకు ఏడాది ముందే ఇద్దరూ కూర్చోవాలి. ఆయన ఎన్ని నెలలకొకసారి వస్తాడు, ఎప్పటికి పూర్తిగా వచ్చేస్తాడు, ఇక్కడ ఆమె ఎక్కడ ఉండాలనుకుంటున్నది అన్నవి మాట్లాడుకోవాలి. పిల్లలను విద్యాసంవత్సరం మధ్యలో కదిలించకూడదు. ఆ ఏడాదిలోనే వారికి తెలుగు అక్షరాలు మొదలుపెట్టాలి. పెదకాకానిలో ఉన్న దాదీకి చదువు వస్తే, రోజుకు పది నిమిషాలు ఫోనులో ఆమే దిద్దించవచ్చు.